బానెట్ చల్లగుండాలె

మా మామ పోయాడన్న కబురు నాకు కాలువ కట్ట మీద ఉండగా అందింది. కోదాడ అవతల ఒక రైతు పొలంలో వరికి పట్టిన అగ్గితెగులు చూసి, కాళ్లకంటిన బురదను గట్టు గడ్డికి తుడుచుకుంటున్నాను. అత్తమ్మ ఫోను. పొద్దుటిపూట అత్తమ్మ ఎవరికీ ఫోను చెయ్యదు, ఆ వేళకు ఆమెకు ఇంటెడు పని. "బిడ్డా, మీ మామ లేస్తలేడు" అంది. దవాఖానకు తీసుకుపోయారా అని అడిగాను. "డాక్టరు ఇంటికే వచ్చి సూసిండు. ఇగ తీస్కపోయేది లేదన్నడు" అంది. ఆ తర్వాత మేమిద్దరం ఏం మాట్లాడుకున్నామో నాకు గుర్తు లేదు. ఆ రైతే నా స్కూటీని తన కొట్టంలో పెట్టించి, హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ పోయే బస్సు ఎక్కించాడు.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. నా డిగ్రీ అయిపోకముందే అమ్మ పోయింది. అప్పటి నుంచి నాకు పుట్టిల్లు అంటే మిర్యాలగూడలోని మామ ఇల్లే. వ్యవసాయ శాఖలో ఉద్యోగం వచ్చినా, సూర్యాపేటలో సంసారం పెట్టినా, పాప పుట్టినా మొదటి కబురు ఆ ఇంటికే పోయేది. ఆయన ఒక బియ్యం మిల్లులో గుమాస్తాగా చేరి గుమాస్తాగానే దిగిపోయాడు. పెద్ద ఆస్తి లేదు, పెద్ద పేరూ లేదు. ఉన్న కాస్త పేరు మా చుట్టాల్లోనే, అదీ పాత బండ్లు చూడడంలో.

నేను పోయేసరికి ఇంటి ముందు టెంటు వేశారు. టెంటు తాడొకటి ఆయన బండి వెనక చక్రానికి కట్టారు. బండి కింద అందరి చెప్పులు, బండికి ఆనుకుని నిలబడ్డ మనుషులు. ఎవరైనా దాన్ని తాకితేనే "జర పైలం, గీతలు పడతయ్" అనే మనిషి లోపల చాప మీద పడుకుని ఉన్నాడు. వచ్చినవాళ్లంతా ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చారు. నేను పట్టుకోలేదు. ఆ చెయ్యి ఎప్పుడూ వెచ్చగా ఉండేది, అది చల్లబడిందని తెలుసుకునే ధైర్యం నాకు లేకపోయింది. కాళ్ల దగ్గర కూర్చుని లేచి వచ్చాను.

దినాలు అయ్యాక ఆ బండి మాట వచ్చింది. మామ కొడుకు, అంటే మా బావ, హైదరాబాదులో ఉంటాడు. ఆయనకు వేరే కారుంది. అత్తమ్మకు నడపడం రాదు. డీజిల్ బండిని నెలల తరబడి ఊరికే నిలబెడితే పాడవుతుంది, అమ్మేద్దాం అన్నాడు బావ. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అత్తమ్మ "మీ ఇష్టం" అంది. అత్తమ్మ మీ ఇష్టం అందంటే ఆమెకు ఇష్టం లేదని అర్థం. అది మామకు తెలుసు, నాకు తెలుసు, కన్నకొడుక్కు మాత్రం ఎందుకో తెలియదు. బావ ఫొటోలు తీసి ఫోన్‌లో అమ్మకానికి పెట్టాడు. చూడడానికి ఎవరొచ్చినా ఆదివారమే రమ్మను, నేను పక్కన ఉంటాను అని చెప్పాను. బండి పోయాక గుమ్మం ముందు మిగిలే ఆ ఖాళీని అత్తమ్మ ఒక్కతే రోజూ చూడాలి. నా దిగులంతా అదే.

ఆ బండి గురించి చెప్పాలంటే ముందు మామ భాష చెప్పాలి. జనం ఎస్‌యూవీ అనే దాన్ని ఆయన ఎత్తు బండి అనేవాడు. టర్బో అంటే ఊదుడు గొట్టం. మూడు సిలిండర్ల చిన్న పెట్రోల్ ఇంజన్ ఆయన లెక్కలో మూడు కాళ్ల మంచం, ఎందుకంటే నిలబడ్డప్పుడు సీటు వణుకుతుంది. గేరు దానంతట అదే మార్చుకునే బండిని ఎక్కి దిగి, "ఇది నా మాట ఇంటలేదు, దాని మాట నేను ఇనాలంట" అని పక్కన పెట్టేశాడు. ఇంజన్ల గురించి ఆయనకు గొప్పగా తెలుసని ఎవరూ అనుకోవద్దు. పిస్టన్‌కూ ప్లగ్గుకూ తేడా అడిగితే మాట మార్చేవాడు. అయినా మా చుట్టాల్లో పాత బండి కొనేవాళ్లు పెళ్లిచూపులకు పెద్దమనిషిని వెంటబెట్టుకున్నట్టు ఆయన్ను వెంటబెట్టుకుని పోయేవారు. "నట్టూ బోల్టూ మెకానిక్ చూస్కుంటడు. మనం మనుషులను చూడాలె" అనేవాడు.

ఆయన పద్ధతిలో రెండే సంగతులు. మొదటిది బానెట్. ముందు రోజే అమ్మేవాళ్లకు ఫోను చేసి, మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దని చెప్పేవాడు. పోగానే నమస్కారం కంటే ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనించేవాడు. వెచ్చగా ఉందంటే ఆయన ముఖం మారిపోయేది. చల్లటి ఇంజన్ దాని గుణం దాచుకోలేదు, ముందే వేడి చేసి పెడితే దగ్గూ పొగా బయటపడవు అని లోకానికంతా తెలిసిన సంగతే. మామ దాన్ని తన మాటల్లో చెప్పేవాడు. "బానెట్ చల్లగుండాలె కోడలా. వెచ్చగుందంటే మనకంటే ముందుగాల ఎవడో దాన్ని బుజ్జగించి పోయిండన్నట్టు."

రెండోది ఒక ప్రశ్న. అది బండి దగ్గర అడిగేవాడు కాదు, వాళ్లింట్లో చాయ్ తాగుతూ అడిగేవాడు. "ఎందుకు అమ్ముతున్నరు?" అంతే. అడిగి ఊరుకునేవాడు. ఎదుటివాళ్లు ఒక్క కారణం చెప్పి ఆగిపోతే ఇంకో గుక్క తాగేవాడు. దాని వెంట రెండో కారణం వచ్చిందంటే గ్లాసు కింద పెట్టేవాడు. మూడోది మొదలయ్యేలోపు మేం చెప్పులేసుకుంటూ ఉండేవాళ్లం. "నిజమైతే ఒక్కటే ఉంటది. దాపెట్టేది ఉన్నోడికే ఇన్ని కావాలె" అనేవాడు నడిచొస్తూ. ఎందుకో బండికి వినపడేంత దగ్గరలో దాని తప్పు మాత్రం ఎత్తేవాడు కాదు. రోడ్డెక్కాకే నోరు విప్పేవాడు.

ఈ పద్ధతి ఆయనకు సూర్యాపేటలో అలవడింది. తన సొంత ఎత్తు బండిని ఆయన అక్కడ ఒక రిటైరైన బ్యాంకు ఉద్యోగి దగ్గర కొన్నాడు. అప్పటికే పాతది, బూడిద రంగుది, డీజిల్ ఇంజన్. ఎందుకు అమ్ముతున్నారని అడిగితే ఆ పెద్దాయన, "మోకాలు క్లచ్చు తొక్కనిస్తలేదు" అన్నాడట. మామ ఇంకేమైనా చెబుతాడేమోనని చూశాడు. ఆయన ఏమీ చెప్పలేదు. మామ అప్పటికప్పుడు సరే అన్నాడు. ఇన్నేళ్లూ ఆ బండి మామను ఎక్కడా ఆపలేదు. సాగర్ డ్యాం గేట్లు ఎత్తారంటే చాలు, ఇంటిల్లిపాదినీ దాంట్లో కుక్కి తీసుకుపోయేవాడు. తాళం తిప్పి, ఇంజన్ సిద్ధమైందని చెప్పే చిన్న పసుపు గుర్తు వెలిగి ఆరేదాకా కళ్లు మూసుకుని ఆగి, అప్పుడు స్టార్ట్ చేసేవాడు. దేవుడికి దండం పెడుతున్నావా మామా అంటే, "దాన్ని నిద్ర లేవనియ్యాలె గదా" అనేవాడు.

నాకు బండి చూడడం మొదలుపెట్టింది నేను స్కూటీతో సహా కాలువ కట్ట మీద నుంచి జారి పడ్డాక. రేగడి మట్టి, మీద చిన్న తుంపర. కాలి మడమ వాచి మంచమెక్కితే మామ, అత్తమ్మ చూడడానికి వచ్చారు. మామ నా కాలు చూడలేదు, స్కూటీ టైరు చూశాడు. "ఇగ దీంతోని గాదు. నీకు ఎత్తు బండి గావాలె" అన్నాడు. కొత్తది మాకు అందేది కాదు. పాతదే చూద్దాం అనుకున్నాం. మా ఆయనకు ఆదివారం అంటే నిద్ర, మామ వెంట పొమ్మన్నాడు.

మరుసటి ఆదివారం మిర్యాలగూడ పోతే, అత్తమ్మ పెట్టిన ఉప్మా తింటూ మామ విచారణ మొదలుపెట్టాడు.

"రోజూ ఎట్ల తిరుగుతవ్? ఒక్కతీరుగ పోతవా, ఆగుకుంట పోతవా?"

"ఆగుకుంటనే మామా. ఊరికో చోట, మడికో చోట ఆగాలె."

"అట్లయితే నీకు డీజిలు వద్దు. డీజిలుకు పొడుగు తొవ్వ గావాలె. వేడెక్కకముందే బంద్ చేసుకుంట పోతే మసి పేరుకుంటది. పాతబడినంక డీజిలు పంపనీ ఊదుడు గొట్టమనీ ఒక్కొక్కటి పరేషాన్ చేస్తది. నీకు ఊదుడు గొట్టం లేని సాదా పెట్రోలు ఇంజను మంచిది. నాలుగు కాళ్లది."

"మరి నీది డీజిలే గదా" అంది అత్తమ్మ.

"నాకు సాగర్ తొవ్వ ఉన్నది, సూర్యాపేట తొవ్వ ఉన్నది. కోడలుకు మడికట్లున్నయ్" అన్నాడు.

ఆయన జీవితంలో ఇంజన్ గురించి చెప్పిన అతి పొడవైన మాట అదే. బాగానే చెప్పాడని తర్వాత మెకానిక్ కూడా ఒప్పుకున్నాడు. నేను ఆ మాట మనసులో రాసుకున్నాను. నాలుగు సిలిండర్లు, టర్బో లేని పెట్రోల్, కింద మట్టి తగలనంత ఎత్తు, ఆర్సీ గడువు ఇంకా బాగా మిగిలి ఉండాలి. ఇంతే కదా, ఒకటి రెండు ఆదివారాల్లో దొరుకుతుందనుకున్నాను.

సూర్యాపేటలో చూసిన మొదటిది డీజిలే. వద్దనుకుంటూనే, మెరుపు చూసి నేనే ఆశపడ్డాను. బానెట్ చల్లగానే ఉంది. చాయ్ దగ్గర ఆ ఇంటాయన, "పాప చదువుకు హైదరాబాద్ పోతున్నం సార్" అన్నాడు. మామ గుక్క తాగాడు. "మళ్ల పెద్ద బండి ఒకటి బుక్ చేసినం." గ్లాసు కింద పెట్టాడు. "ఇంకోటేందంటే, మా నాన్నకు ఈ రంగు..." మేం లేచాం. రోడ్డెక్కాక ఆర్సీ ఫొటో నాకు చూపించాడు. ఢిల్లీ నంబరు. "అక్కడ పదేండ్లు దాటిన డీజిలును తిరగనిస్తలేరంట. గందుకే ఇటు దిగుతున్నయ్. అక్కడి ఆఫీసోళ్ల కాయిదం అడిగితే వస్తది వస్తది అంటుండు. ఆ కాయిదం రాకుంటే మన నంబరు పడది, బండి మనదీ గాదు, వాళ్లదీ గాదు" అన్నాడు. అంత అందమైన బండి మీద ఇంత మాట అన్నందుకు నాకు కాస్త కోపం కూడా వచ్చింది.

మిర్యాలగూడలో చూసిన దాని కథ వేరు. ఇప్పటికీ మా ఇళ్లలో అది చెప్పుకుని నవ్వుతాం. వానల్లో మునిగిన బండ్లను కడిగి అమ్ముతున్నారని మామ ఎక్కడో విన్నాడు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడాలి, కార్పెట్ ఎత్తి వాసన చూడాలి అని ఎవరో చెప్పారు. ఆ ఆదివారం బెల్టు లాగితే శుభ్రంగానే ఉంది. కార్పెట్ ఎత్తితే కింద సన్నటి గోధుమరంగు పొడి. మామ వేళ్లతో తీసి, నలిపి, నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆయన అలవాటుకు విరుద్ధంగా బండి పక్కనే నిలబడి, "ఇది మునిగిన బండి. ఇది ఒండ్రు" అన్నాడు. ఆ ఇంటావిడ విన్నది. లోపలికి పోయి చేటలో ఇంత పొడి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "వాసన సూడన్నా. ఇది తౌడు. మాకు బర్లున్నయ్, ఈ బండిలనే తెచ్చుకుంటం" అంది.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మిల్లులో తౌడు పీలుస్తూ బతికిన మనిషి తౌడును ఒండ్రు అన్నాడు. మామ చేతులు జోడించి, "తప్పయిందమ్మా" అన్నాడు. ఆమె నవ్వి ఇంకో చాయ్ ఇచ్చింది. ఇంత జరిగాక ఆ బండి బేరం ఎత్తడానికి మాకు ముఖం చెల్లలేదు. అత్తమ్మ మాత్రం చాలా కాలం వదల్లేదు. కూరలో కారం ఎక్కువైందని మామ అంటే, "అది కారం గాదేమో, ఒండ్రేమో. మంచిగ సూడు" అనేది.

అలా ఆదివారాలు గడుస్తూ పోయాయి. పొద్దున బస్సులో నేను మిర్యాలగూడ పోవడం, ఉప్మానో అట్లో తినడం, ఇద్దరం మామ బూడిద రంగు బండిలో ఎక్కడికో పోవడం. అమ్మేవాళ్ల బండి నడిపి చూసేటప్పుడు నన్ను ముందు కూర్చోబెట్టి, తాను వెనక ఎడమ సీట్లో స్టీలు నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. ఇంజన్ చప్పుడు వింటున్నాడని అమ్మేవాళ్లు భయపడేవారు. సగం సార్లు నిద్రపోయేవాడని నాకు తెలుసు. తిరిగి వస్తూ అమ్మ గురించి చెప్పేవాడు. ఇద్దరూ ఒకే సైకిలు మీద బడికి పోవడం, అమ్మ వెనక కూర్చుని పాఠం అప్పజెప్పడం, గుంత వచ్చినప్పుడల్లా అమ్మ పద్యం మధ్యలో తెగిపోవడం. పెళ్లయ్యాక నేను ఆ ఇంటికి పండగకో పబ్బానికో పోయేదాన్ని. బండి పుణ్యమా అని ప్రతి ఆదివారం పోతున్నానన్న ధ్యాస నాకు అప్పుడు లేనే లేదు.

కోదాడలో తెల్ల బండి చూసినప్పుడు నా వెతుకులాట అయిపోయిందనుకున్నాను. రిటైరైన టీచరమ్మ గారి బండి. నాలుగు సిలిండర్ల సాదా పెట్రోల్ ఇంజన్. మామ అరచెయ్యి పెట్టాడు, చల్లగా ఉంది.

"ఒక్క చేతి బండండి. ఇంకెవరూ ముట్టుకోలేదు" అంది టీచరమ్మ.

"కుడి చెయ్యా, ఎడమ చెయ్యా అమ్మా?" అన్నాడు మామ. ఆవిడ నవ్వింది.

మేం అక్కడికి పిలిపించిన మెకానిక్ ఆయిల్ మూత తీసి చూశాడు. లోపల నీళ్లు కలిస్తే పాలచాయ్ రంగు నురగ ఉంటుందట, అలాంటిదేమీ లేదు. పొగ లేదు, క్లచ్చు మెత్తగా ఉంది, సర్వీసు కాగితాలన్నీ వరసగా పెట్టింది. లోపల కూర్చుని కాఫీ తాగుతూ మామ తన ప్రశ్న అడిగాడు.

"మా వాడు కొత్తది కొన్నాడండి. వాకిట్లో రెండిటికి చోటు లేదు" అంది ఆవిడ. ఇంకేమీ అనలేదు. నేను మామ వైపు చూశాను. ఆయన కాఫీ గ్లాసులోకి చూస్తున్నాడు. "రెండు రోజుల్ల చెప్తమమ్మా" అని లేచాడు.

హుజూర్‌నగర్ దాటాం. నేనే అడిగాను.

"ఏమైంది మామా? మంచిగనే ఉన్నది గదా."

"మంచిగనే ఉన్నది. గని తెల్ల రంగు, కాలువ మట్టికి ఆగది."

"కడుక్కుంట."

"పెట్రోలు బాగ తాగుతది."

"పెట్రోలే తీస్కోమన్నది నువ్వే."

"వెనక సీటు ఇరుకున్నది. పాపకు మోకాళ్లు తగుల్తయ్. టైర్లు గూడ..."

"పాపకు ఎనిమిదేండ్లు మామా. మోకాళ్లు ఎక్కడికి తగుల్తయ్? ఈ మూడు ఊర్లల్ల నీకు నచ్చే బండి లేదు, ఇగ ఉండది" అన్నాను. కోపం దాచుకోలేదు. ఆయన నవ్వాడు. అది గెలిచినవాడి నవ్వు కాదు, దొరికిపోయినవాడి నవ్వు. నేనేమో కిటికీలోంచి వరిచేలు చూస్తున్నాను. ఆ టీచరమ్మ బండి ఆ వారంలోనే ఎవరో తీసుకుపోయారు.

చివరిసారి పోయింది నిడమనూరు వైపు. అక్కడ ఒక బండి ఉందన్నాడు. సగం దూరం పోయాక, ఓనరు ఊళ్లో లేడని గుర్తొచ్చిందన్నాడు. వెనక్కి తిరిగి మాడుగులపల్లి దగ్గర రోడ్డు పక్కన మిరపకాయ బజ్జీలు తిన్నాం. వేడి బజ్జీ ఊదుకుంటూ, "పని గాకున్నా తొవ్వ మంచిగున్నది గదా" అన్నాడు. ఆ తర్వాతి ఆదివారం రాకముందే ఆయన పోయాడు.

ఇక మొన్నటి ఆదివారం సంగతి. మామ బండి చూడడానికి కోదాడ నుంచి యువ దంపతులు వచ్చారు. మర్యాదస్తులు. భర్త బండి చుట్టూ తిరిగి టైర్లు చూశాడు, కింద వంగి చూశాడు, ఆయిల్ మూత తీశాడు. అత్తమ్మ వాకిట్లో కుర్చీలు వేసి చాయ్ ఇచ్చింది. ఇంట్లో మామ ఫొటోకు వేసిన దండ వాళ్లకు కనపడే అవకాశం లేదు. ఆ అమ్మాయి గ్లాసు అందుకుంటూ చాలా మామూలుగా అడిగింది.

"ఎందుకు అమ్మేస్తున్నారమ్మా?"

ఆ ఇంటి వాళ్లను ఆ ప్రశ్న అడిగిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఎప్పుడూ అడిగింది మామే. అత్తమ్మ నోటి వెంట రావాల్సిన కారణం ఒక్కటే, అది ఆమె ఎట్లా చెబుతుందా అని తల దించుకున్నాను.

"మైలేజీ ఇస్తలేదు బిడ్డా" అంది అత్తమ్మ.

నేను తలెత్తాను.

"క్లచ్చు గూడ బిగుసుకపోయింది. మా ఆయన తొక్కలేక తొక్కుతుండె. పొద్దుగాల స్టార్ట్ చేస్తే పొగ. ఈ వాడకట్టంత దగ్గుతది. మళ్ల ఈడ జాగ గూడ సాలుతలేదు." చెబుతూ చెబుతూ ఆమె నా వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో భయమూ ఉంది, మొండితనమూ ఉంది. ఆ భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు. చాయ్ పూర్తిగా తాగి, ఇంట్లో మాట్లాడుకుని చెబుతామమ్మా అని, చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

వాళ్లు సందు మలుపు తిరిగేదాకా అత్తమ్మ కదల్లేదు. తర్వాత లేచిపోయి బండి తలుపు మీద మెల్లగా తట్టింది. "ఉత్తగనే అన్న. ఏమనుకోకు" అంది దానితో. నాకు నవ్వు వచ్చింది, ఆ నవ్వులోంచే ఏడుపు వచ్చింది. దినాల్లో కూడా నేను అట్లా ఏడవలేదు.

"ఇన్ని కారణాలు సెప్తే కొనెటోళ్లు లేస్తరని మీ మామనే గదా సెప్పింది" అంది అత్తమ్మ కొంగుతో నా ముఖం తుడుస్తూ.

"అమ్మడం ఇష్టం లేదని బావకు చెప్పొచ్చు గదా అత్తమ్మా."

"ఏమని సెప్పాలె? ఉత్త ఇనుప ముక్క. నాకు నడప రాదు. వాడు సెప్పేది నిజమే. గని పొద్దుగాల తలుపు తీస్తే అది కనపడుతది. అది ఉంటే మీ మామ కూరగాయలకో దేనికో పోయిండనిపిస్తది. బండి ఈడనే ఉన్నది, దూరమేం పోలేదు అనుకుంట." కొంగు సర్దుకుని, "మరి కోదాడల నీ తెల్ల బండికి మీ మామ ఎన్ని కారణాలు సెప్పిండు?" అని అడిగింది.

నేను జవాబు చెప్పబోయాను. రంగు, పెట్రోలు, సీటు, టైర్లు. ఒక్కొక్కటే నోట్లోకి వచ్చి ఆగిపోయింది.

"ఇంటికొచ్చి నాతోని ఒక్కటే సెప్పిండు" అంది అత్తమ్మ. "అది కొంటే కోడలు ఇగ ఆదివారం రాదు అన్నడు. పిల్లకు అక్కెర ఉన్నది, గట్ల సెయ్యకు అని తిట్టిన. ఈ ఒక్క నెల సూస్త, తర్వాత నేనే కొనిపిస్త అన్నడు. ఆ నెల ఎంతకూ అయిపోలె."

మేమిద్దరం మెట్టు మీద కూర్చున్నాం. నాకు కోపం రాలేదు. నా కాలి నొప్పి, వానలో స్కూటీ, అన్నీ గుర్తొచ్చినా రాలేదు. నా కోసం ఒక మనిషి అన్ని అబద్ధాలు కూర్చుకున్నాడని తెలిస్తే కోపం ఎక్కడి నుంచి వస్తుంది? లేని బండి కోసం నిడమనూరు తొవ్వ పట్టిన ఆ రోజు మామ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అది నేను చూసి కూడా అడగలేదు.

"అత్తమ్మా, ఈ బండి నేను తీస్కుంట" అన్నాను.

ఆమె మామలాగే చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకుంది. "నీకు డీజిలు వద్దన్నడు గదా మీ మామ. ఆగుకుంట తిరిగే దానివి. మసి పేరుకుంటది అన్నడు. దీని కాయిదాలకు గూడ ఇంక శాన ఏండ్లు లేవు. ఎందుకు తీస్కుంటవ్?"

నా దగ్గర చాలా సిద్ధంగా ఉన్నాయి. ఎత్తు బాగుంటుంది, ఇంజన్ ఎట్లాంటిదో నాకు తెలుసు, నమ్మకమైన చెయ్యి నడిపింది. అవన్నీ నిజాలే. కానీ అత్తమ్మ గ్లాసు పట్టుకుని నా నోటి వైపే చూస్తోంది.

"డీజిలుకు పొడుగు తొవ్వ గావాలె గదా" అన్నాను. "ప్రతి ఆదివారం సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాక తోలుకొస్త."

రెండోది చెబుతానేమోనని అత్తమ్మ చూసింది. నేను చెప్పలేదు. ఆమె గ్లాసులో మిగిలిన చాయ్ తాగేసింది. బావకు ఫోను చేస్తే మంచిదన్నాడు, అమ్మకానికి పెట్టిన ఫొటోలు తీసేస్తానన్నాడు.

ఈ ఆదివారం పొద్దున్నే పోయాను. రాత్రి మంచుకు బానెట్ తడిగా ఉంది. మామ పోయిన నాటి నుంచి ఎవరూ దాన్ని స్టార్ట్ చెయ్యలేదు, ఎవరూ బుజ్జగించలేదు. తాళం చేతిలో ఉన్నా తలుపు తియ్యాలనిపించలేదు. ముందుకు వచ్చి అరచెయ్యి ఆనించాను. ఆ రోజు పట్టుకోలేకపోయిన చెయ్యి గుర్తొచ్చింది, ఈసారి భయం వెయ్యలేదు. అత్తమ్మ స్టీలు నీళ్ల సీసాతో బయటికి వచ్చి, సీసా చంకలో పెట్టుకుని, నా చెయ్యి పక్కన తన చెయ్యి కూడా పెట్టింది.

"సల్లగున్నది" అంది.

చాలాసేపు అట్లాగే నిలబడ్డాం. మా చేతుల కింద తడి మెల్లగా ఆరింది.

"ఇగ సాలు, తియ్యి బిడ్డా. వెచ్చగైతది" అంది అత్తమ్మ. అన్నదే గానీ, తన చెయ్యి మాత్రం ఆమె తియ్యలేదు.